కారు కిందికి దిగింది, టైరు లోపల అరిగింది

మా పిన్ని కొడుకు కిందటేడు తన హ్యాచ్‌బ్యాక్‌ను "లో" చేయించాడు, అంటే స్ప్రింగులు మార్పించి ఎత్తు తగ్గించాడు. చక్రానికీ పైన ఫెండర్‌కూ మధ్య నాలుగు వేళ్లు పట్టే సందు రెండు వేళ్లకు వచ్చింది. చూడ్డానికి బాగుంది, అబద్ధం చెప్పను. పదివేల కిలోమీటర్లు తిరక్కముందే, తిరుపతి నుంచి చిత్తూరు పోతుంటే దారిలో ముందు టైరు గాలి పోయింది. స్టెప్నీ వేద్దామని చక్రం విప్పి తిరగేస్తే లోపలి అంచున తీగలు తేలి ఉన్నాయి, బయటి వైపు గాడులు మాత్రం షోరూములో ఉన్నట్టే ఉన్నాయి. "ఏందన్నా ఇది, ఒకే టైరు ఇటు కొత్తది, అటు గుండు" అని రోడ్డు మీద నుంచే ఫోన్ చేసి టైరు కంపెనీని తిట్టడం మొదలుపెట్టాడు.

పాపం, టైరు కంపెనీ చేసిందేమీ లేదు. కారు కిందికి దిగితే చక్రం నిలబడే తీరే మారిపోతుంది, అది రెండు రకాలుగా మారుతుంది, అందులో ఒకటి కంటికి కనిపిస్తుంది కాబట్టి నిందంతా దాని మీదికే పోతుంది.

కనిపించేది క్యాంబర్, అంటే చక్రం నిలువుగా కాకుండా లోపలికో బయటికో వాలి ఉండడం. మన చిన్న కార్లలో దాదాపు అన్నింటికీ ముందు స్ట్రట్ సస్పెన్షనే. స్ట్రట్ అంటే స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన నిలువు కాలు. దాని పై కొస బాడీకి బిగించి ఉంటుంది, కింద లోయర్ ఆర్మ్ అనే అడ్డ చెయ్యి చక్రాన్ని పట్టుకుని ఉంటుంది. కంపెనీ నుంచి వచ్చినప్పుడు ఆ ఆర్మ్ బయటి కొస కొంచెం కిందికి వాలి ఉంటుంది. కారు దిగితే అది అడ్డంగా, నేలకు సమాంతరంగా వస్తుంది, వస్తూ వస్తూ చక్రం అడుగును బయటికి నెడుతుంది. అడుగు బయటికి పోతే తల లోపలికి వాలుతుంది కదా, అదే నెగటివ్ క్యాంబర్. 30, 40 మిల్లీమీటర్లు దించితే చాలా కార్లలో ఇది ఒక డిగ్రీకి అటూఇటూగా ఉంటుంది. బరువు లోపలి అంచు మీద ఎక్కువ పడుతుంది. ఇంకో తమాషా ఉంది: స్టీలు గ్లాసును పడుకోబెట్టి దొర్లిస్తే తిన్నగా పోదు, ఒక కొస చిన్నది కాబట్టి గుండ్రంగా తిరుగుతుంది. వాలిన చక్రానికీ అదే బుద్ధి. రెండు వైపులా చక్రాలు ఎదురెదురుగా వాలి ఉంటాయి కాబట్టి ఒకదాని లాగుడు ఇంకొకదానితో కొట్టుకుపోయి కారు తిన్నగానే పోతుంది, నలిగేది రబ్బరే.

ఇంత చెప్పినా, ఒక్క డిగ్రీ క్యాంబర్ పదివేల కిలోమీటర్లలో టైరు తీగలు బయటపెట్టదు. ఆ పని చేసేది టో.

నడిచేటప్పుడు మన పాదాలు కొందరివి లోపలికి, కొందరివి బయటికి తిరిగి ఉంటాయి చూడండి, చక్రాలకు దాన్నే టో అంటారు. స్టీరింగ్ నుంచి చక్రానికి వచ్చే కడ్డీ టై రాడ్. చక్రం పైకీ కిందికీ ఆడినప్పుడు లోయర్ ఆర్మ్ కొస ఒక వంపులో తిరుగుతుంది, టై రాడ్ కొస ఇంకో వంపులో తిరుగుతుంది. కంపెనీ ఇంజనీర్లు ఈ రెండు వంపులనూ మామూలు ఎత్తు దగ్గర వీలైనంత కలిపి పెడతారు. మనం స్ప్రింగులు మార్చి ఆ ఎత్తునే మార్చేస్తే రెండూ కలవవు, టై రాడ్ చక్రాన్ని కొంచెం నెడుతుంది లేదా లాగుతుంది. ఎటు అనేది ఆ రాడ్ ఎక్కడ బిగించారన్న దాన్ని బట్టి కారుకో రకంగా ఉంటుంది. చక్రాలు లోపలికి తిరిగితే బయటి అంచు, బయటికి తిరిగితే లోపలి అంచు అరుగుతాయి. మావాడికి రెండోది వచ్చింది, దానికి నెగటివ్ క్యాంబర్ తోడైంది.

లెక్క వేసి చూద్దాం. టైరు వ్యాసం దాదాపు 600 మిల్లీమీటర్లు అనుకోండి. చక్రం ముందు అంచు వెనక అంచు కన్నా 3 మిల్లీమీటర్లు బయటికి ఉందంటే, ప్రతి 600 మిల్లీమీటర్ల ప్రయాణానికి 3 మిల్లీమీటర్లు పక్కకు పోవాలని చూస్తుంది. కిలోమీటరుకు 5 మీటర్లు. తిరుపతి నుంచి చిత్తూరు 70 కిలోమీటర్లు వేసుకుంటే 350 మీటర్లు టైరును అడ్డంగా ఈడ్చినట్టు, పదివేల కిలోమీటర్లకు 50 కిలోమీటర్లు! అదంతా జారుడే కాదులెండి, రబ్బరు కొంత సాగి సర్దుకుంటుంది, సర్దుకోలేనిది మాత్రం నేల మీద రుద్దుకుపోతుంది.

మరి బండి నడిపేవాడికి తెలియదా అంటే, తెలియదు. రెండు చక్రాలూ సమానంగా బయటికి తిరిగితే కారు ఏ పక్కకూ లాగదు, స్టీరింగ్ నడిమధ్యనే ఉంటుంది. చక్రాల కోణాలు కొలిచి సరిచేసే అలైన్‌మెంట్ చేయించుకోమంటే, "తిన్నగానే పోతాంది కదన్నా, అలైన్‌మెంట్ ఎందుకు?" అని మావాడు అన్నది అందుకే. తెలియాలంటే చెయ్యి పెట్టాలి. స్టీరింగ్ పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఇంజను ఆపేసి, టైరు మీద అరచేతిని లోపలి నుంచి బయటికి, మళ్లీ బయటి నుంచి లోపలికి పోనివ్వండి. టో తప్పితే చేప మీద చెయ్యి రాసినట్టుంటుంది, ఒకవైపు నున్నగా పోతుంది, ఎదురు రాస్తే పొలుసులా గుచ్చుకుంటుంది. లోపలి అంచు కనపడకపోతే ఫోన్ టార్చి వేయండి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వచ్చిందంటే చట్టం లెక్కలో కూడా ఆ టైరు పని అయిపోయినట్టే.

"కానీ దించిన కారు మలుపుల్లో బాగా పట్టుకుంటుంది కదా" అనేవాళ్లున్నారు. 1944లో తెరిచిన తిరుమల పాత ఘాట్ రోడ్డులో, ఇప్పుడు కొండ దిగేది అదే, మెలిక మలుపుల దగ్గర మనం పోయేది గంటకు 20, 25 కిలోమీటర్లు. ఆ వేగానికి నెగటివ్ క్యాంబర్ అందించే అదనపు పట్టుతో పనే ఉండదు. పైగా స్ట్రట్ కారును మరీ దించితే లోయర్ ఆర్మ్ బయటి కొస పైకి లేచిపోతుంది, అక్కడి నుంచి చక్రం ఇంకా పైకి నొక్కుకుంటే క్యాంబర్ పెరగాల్సింది పోయి తగ్గడం మొదలవుతుంది. కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ బిందువు, బరువు కేంద్రం కన్నా ఎక్కువగా కిందికి జారిపోతుంది, ఆ రెంటి మధ్య దూరం పెరిగేకొద్దీ ఒరుగుడూ పెరుగుతుంది. అంటే స్ప్రింగులు గట్టివి వేయకుండా ఎత్తు మాత్రం తగ్గిస్తే, దించిన కారు ముందుకన్నా ఎక్కువ ఒరగవచ్చు.

స్ప్రింగును కోయించడం గురించి ఒక్క మాట. ఆరు చుట్లలో ఒకటి కోస్తే మిగిలిన స్ప్రింగు అయిదో వంతు గట్టిపడుతుంది, అది లెక్క. కానీ చక్రం గుంతలో వేలాడినప్పుడు పొట్టి స్ప్రింగు దాని సీటు నుంచి కదిలిపోవచ్చు. గ్యాసు మంటతో కాల్చి కుంగదీస్తే ఉక్కు పదునే పోతుంది. అది మాత్రం ఎవరు చెప్పినా చేయించొద్దు.

సరే, మావాడి కారుకు వద్దాం. కొత్త స్ప్రింగులు సర్దుకోవడానికి కొన్ని వందల కిలోమీటర్లు తిరగనిచ్చి అలైన్‌మెంట్ చేయించి ఉండాల్సింది, ఏడాది ఆలస్యంగా చేయించాడు. అలైన్‌మెంట్ యంత్రం తెర మీద టో, క్యాంబర్ రెండూ ఎర్రగా, అంటే హద్దు దాటి వచ్చాయి. టై రాడ్లు తిప్పితే టో పావుగంటలో పచ్చబడింది. క్యాంబర్ అలాగే ఉండిపోయింది, ఎందుకంటే చాలా చిన్న కార్లలో దానికి సర్దుబాటే ఉండదు, విడిగా క్యాంబర్ బోల్టులు వేయించుకోవాలి. వెనక రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం, టార్షన్ బీమ్, ఉంది కాబట్టి దించినా అక్కడ పెద్దగా ఏమీ మారలేదు. బోల్టులకు డబ్బు ఎందుకని అలాగే వదిలేశాడు. ఎనిమిది వేల కిలోమీటర్ల తర్వాత నేనే కొలిచాను, ముందు టైర్ల బయటి గాడి 6 మిల్లీమీటర్లు, లోపలి గాడి 5 ఉన్నాయి.

టైర్ల గొడవ అలా తీరింది. మా వీధి చివర స్పీడ్ బ్రేకర్ దగ్గర మాత్రం ఇప్పటికీ మా పిన్నిని కారు దిగి నడవమంటున్నాడు.