డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్స్: పాత అంబాసిడర్ల విషయంలో అపోహలు, వాస్తవాలు

"పికప్ లేదండీ, టైమింగ్ కొంచెం అడ్వాన్స్ చెయ్యండి." పాత పెట్రోల్ అంబాసిడర్ షెడ్డుకి వస్తే ఎక్కువగా వినబడే మాట ఇదే. అడ్వాన్స్ అంటే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడేలా చేయడం. అందుకు ప్లగ్గులకి స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పడం రెండు నిమిషాల పని. కానీ తిప్పితే ఏది మారుతుందో, ఏది మారదో తెలియకపోవడం వల్ల లక్షణమైన ఇంజిన్లు పాడైపోతుంటే చూడలేక ఇది రాస్తున్నాను. నేను చెప్పేది 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్, లూకాస్ రకం డిస్ట్రిబ్యూటర్ ఉన్న బండి గురించి. పద్మినికైనా, ఇంకో పాత బండికైనా పని చేసే తీరు ఇదే, అంకెలు మాత్రం ఆ బండి మాన్యువల్‌లో చూసుకోవాలి.

అపోహ: డిస్ట్రిబ్యూటర్ తిప్పి బిగిస్తే అడ్వాన్స్ సెట్ అయిపోయినట్టే.

కాదు. తిప్పితే మారేది బేస్ టైమింగ్, అంటే మొదట్లో ఉండే అడ్వాన్స్ ఒక్కటే. మొత్తం అడ్వాన్స్ మూడు చోట్ల నుంచి వస్తుంది: మీరు తిప్పి పెట్టిన బేస్, వేగం పెరిగే కొద్దీ పాయింట్ల (తెరుచుకుని స్పార్క్ పుట్టించే స్విచ్) ప్లేటు కింద విచ్చుకునే వెయిట్లు, ఇంజిన్ పీల్పుతో ఆ ప్లేటును కదిపే, పక్కన ఉండే వాక్యూమ్ డబ్బా. సిలిండర్‌లో మిశ్రమం మండడానికి సుమారు రెండు మిల్లీసెకన్లు పడుతుంది, వేగంతో ఇది కొంత తగ్గుతుంది గానీ ఇంజిన్ తిరిగే వేగం అంతకంటే చాలా ఎక్కువగా మారిపోతుంది. 800 ఆర్‌పీఎం దగ్గర ఒక మిల్లీసెకనులో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన షాఫ్ట్) 5 డిగ్రీలు కూడా తిరగదు, 3000 దగ్గర 18 డిగ్రీలు తిరిగేస్తుంది. పిస్టన్ టాప్ డెడ్ సెంటర్ (అది పైకి చేరే చివరి చోటు) దాటి సుమారు 15 డిగ్రీలు దిగేసరికి పీడనం గరిష్ఠానికి చేరాలి, అప్పుడే ఆ తోపు పనికొస్తుంది. అందుకే వేగం పెరిగే కొద్దీ స్పార్క్ ఇంకా ముందే పడాలి, ఆ పని వెయిట్లది. అవి జామ్ అయిపోయి ఉంటే మీరు బాడీ ఎంత తిప్పినా ఐడ్లింగ్‌లో ఎక్కువ, హైవే మీద తక్కువ అవుతుంది తప్ప ఇంకేమీ ఒరగదు.

ఇక్కడే ఇంకో లెక్క తప్పుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. లోపల క్యామ్ అడుగున 12 అని కొట్టి ఉంటే అది డిస్ట్రిబ్యూటర్ డిగ్రీల్లో, అంటే క్రాంక్ దగ్గర 24. బేస్ 5 పెడితే పూర్తి వేగంలో 29 రావాలి. 17 వస్తుందనుకుని, టైమింగ్ లైటులో (స్పార్క్ పడినప్పుడల్లా మెరిసి పుల్లీ మీది గుర్తు ఎక్కడుందో చూపే దీపం) 29 కనబడగానే కంగారుపడి వెనక్కి తిప్పేసేవాళ్లు ఉన్నారు.

అపోహ: వెయిట్ల స్ప్రింగు వదులుగా ఉంటే అరిగిపోయినట్టు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇది. చాలా లూకాస్ డిస్ట్రిబ్యూటర్లలో స్ప్రింగులు రెండూ ఒకలా ఉండవు. ఒకటి సన్నది, మొదటి నుంచీ బిగుతుగా ఉంటుంది. రెండోది లావుది, దాని కొక్కెం కావాలనే సాగదీసినట్టు పొడుగ్గా ఉంటుంది, వేలితో కదిపితే లటలటలాడుతుంది. తక్కువ వేగంలో సన్న స్ప్రింగు ఒక్కటే పట్టి ఉంచుతుంది కాబట్టి అడ్వాన్స్ చకచకా పెరుగుతుంది, ఒక వేగం దాటాక లావుది అందుకుంటుంది, అక్కడి నుంచి నెమ్మదిగా పెరుగుతుంది. ఆ పొడుగు కొక్కేన్ని వంచి బిగించేస్తే, లేదా రెండు వైపులా చేతికి దొరికిన స్ప్రింగులు వేసేస్తే అడ్వాన్స్ పెరిగే ఆ తీరు (కర్వ్) మొత్తం పోయినట్టే. తర్వాత ఎన్నిసార్లు ట్యూనింగ్ చేయించినా బండి దారికి రాదు.

అపోహ: వాక్యూమ్ పైపు పొల్యూషన్ కోసం పెట్టింది, మూసేసినా నష్టం లేదు.

సగం పెడల్ మీద నిదానంగా పోతున్నప్పుడు సిలిండర్‌లోకి వెళ్లే మిశ్రమం తక్కువ, పలచన కూడా, కాబట్టి నెమ్మదిగా మండుతుంది. అప్పుడు అదనంగా అడ్వాన్స్ కావాలి. పెడల్ పూర్తిగా తొక్కితే వాక్యూమ్ పడిపోయి ఆ అదనం దానంతటదే పోతుంది. డబ్బా మీద 5-17-8 అని ఉంటే 5 అంగుళాల పాదరసం దగ్గర మొదలై 17 దగ్గర 8 డిస్ట్రిబ్యూటర్ డిగ్రీలు ఇస్తుందని అర్థం, క్రాంక్ దగ్గర 16. పైపు పీకేస్తే పోయేది మైలేజీ, పైగా ఇంజిన్ వేడెక్కుతుంది. డబ్బా బాగుందో లేదో చూడడానికి పరికరాలేమీ అక్కర్లేదు. ఇంజిన్ ఆపి, క్యాప్ తీసి, పైపును కార్బురేటర్ దగ్గర ఊడదీసి నోటితో పీల్చండి. పాయింట్ల ప్లేటు కదలడం కంటికి కనబడాలి, పైపు కొసను నాలుకతో మూసి ఉంచితే అక్కడే నిలవాలి. నిలవకుండా మెల్లగా వెనక్కి వచ్చేస్తే డబ్బా లోపలి పొర (డయాఫ్రమ్) చిరిగినట్టే.

అపోహ: మంచి మెకానిక్‌కి చెవి చాలు, లైటు ఎందుకు?

చెవిని తీసిపారేయను, కానీ ఐడ్లింగ్‌లో అడ్వాన్స్ పెంచే కొద్దీ ఆర్‌పీఎం పెరిగి శబ్దం నునుపు అవుతుంది, అందుకే చెవి ఎప్పుడూ కాస్త ఎక్కువ వైపే లాగుతుంది. రోడ్డు మీద నాకింగ్ (మిశ్రమం దానంతటదే పేలడం వల్ల వచ్చే చిటచిట) వచ్చేదాకా తిప్పి కాస్త తగ్గించడం పాత పద్ధతి, అది చెప్పేది తక్కువ వేగం, పూర్తి బరువు అన్న ఒక్క పరిస్థితి గురించే. తిరుమల రెండో ఘాట్ ఎక్కేటప్పుడు టాప్ గేర్‌లో చిటచిట వినిపిస్తుంది సరే, అదే నాకింగ్ 3500 దాటాక వస్తే గాలి హోరులో, ఇంజిన్ మోతలో వినబడదు. పిస్టన్‌ని తినేసేది అదే.

లైటు పెట్టే ముందు వాక్యూమ్ పైపు తీసి మూసేయండి. క్రాంక్ పుల్లీ మీద టాప్ డెడ్ సెంటర్ నాచ్ (గాటు) ఒక్కటే ఉంటే 30 డిగ్రీల గీత మీరే పెట్టుకోవచ్చు. పుల్లీ వ్యాసాన్ని 3.14తో గుణించి 360తో భాగిస్తే ఒక డిగ్రీ ఎంతో తెలుస్తుంది. 130 మి.మీ. పుల్లీకి 30 డిగ్రీలంటే 34 మి.మీ. నాచ్ నుంచి ఇంజిన్ తిరిగే దిక్కుగా కొలిచి తెల్ల పెయింటు గీత పెట్టండి. ఐడ్లింగ్ నుంచి వేగం నెమ్మదిగా పెంచుతూ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో రాసుకోండి, మళ్లీ వేగం తగ్గించి మార్కు మొదటి చోటికే వచ్చిందో లేదో చూడండి. రాకపోతే వెయిట్లు పట్టేస్తున్నాయి. శుభ్రం చేసి రెండు చుక్కల నూనె వేస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది.

అపోహ: టైమింగ్ వెనక ఉంటే ఇంజిన్ సేఫ్.

నాకింగ్ నుంచి సేఫ్, అంతవరకే. ఆలస్యంగా అంటుకున్న మిశ్రమం ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకునే వేళకి కూడా మండుతూనే ఉంటుంది, వాల్వుకి, మానిఫోల్డ్‌కి ఆ వేడి తగులుతుంది. బండి హీటెక్కుతోందని రేడియేటర్ మార్చి, వాటర్ పంపు మార్చి, చివరికి టైమింగ్ దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు.

అపోహ: పాయింట్ల గ్యాప్ వేరు, టైమింగ్ వేరు.

గ్యాప్ పెరిగితే పాయింట్లు ముందే తెరుచుకుంటాయి, టైమింగ్ ముందుకు జరుగుతుంది. తగ్గితే వెనక్కి. పాయింట్లను తెరిచే క్యామ్ మీద రాసుకునే ఫైబర్ మడమ అరిగే కొద్దీ గ్యాప్ దానంతటదే తగ్గుతూ పోతుంది. ముందు గ్యాప్ 0.014 నుంచి 0.016 అంగుళాల మధ్య పెట్టి, ఆ తర్వాతే టైమింగ్. వరస తిరగేస్తే రెండూ పోతాయి. 

అపోహ: ఎలక్ట్రానిక్ మాడ్యూల్ వేశాం, ఇక చూసుకోనక్కర్లేదు.

మాడ్యూల్ తీసేసేది పాయింట్లనీ కండెన్సర్‌నీ. వెయిట్లు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా, షాఫ్ట్ బుష్ అన్నీ పాతవే. రోటర్ తీసి షాఫ్ట్‌ను పక్కలకి ఊపి చూడండి. వదులు తెలుస్తుంటే ముందు బుష్ (షాఫ్ట్ తిరిగే లోహపు గొట్టం) మార్చండి. బుష్ బాగున్నా లైటులో మార్కు ఒకచోట నిలవకుండా ఊగుతుంటే టైమింగ్ చైన్ సాగి ఉండొచ్చు, డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది ఆ చైన్ తిప్పే క్యామ్‌షాఫ్టే కాబట్టి దాన్ని కూడా విప్పి చూడాల్సిందే.