హైవే గట్టుకు ఎన్ని గండ్లు?

సంక్రాంతికి నెల్లూరు దగ్గరి కోవూరు వెళ్లినప్పుడు మా తమ్ముడి కొడుకు ఒక ప్రశ్న వేశాడు. "పెదనాన్నా, సర్వీసు రోడ్డు వేస్తే హైవే మీద రద్దీ తగ్గాలి కదా! మా కాలేజీ దగ్గర వేశాక ఇదివరకటి కంటే ఎక్కువసేపు ఇరుక్కుంటున్నాం. ఎందుకని?"

"గండి" అన్నాను. వాడు వరద సంగతి అనుకున్నాడు. తప్పు వాడిది కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర హైవేకు నిజంగానే గండి పడి, చెన్నై వైపు రాకపోకలు ఆగిపోయాయి. అది అందరికీ కనిపించిన గండి. నేను చెప్పేది ఏడాది పొడవునా ఉండి, ఎవరి కంటికీ ఆననిది.

నెల్లూరు వాళ్లకు కాలువ గురించి పాఠం అక్కర్లేదు. సంగం దగ్గరా నెల్లూరు దగ్గరా పెన్నాకు అడ్డం కట్టి, కాలువలు తీసి వరి పండించిన నేల ఇది. ప్రధాన కాలువ గట్టు పక్కనే పొలం ఉన్నా, గట్టు తెగ్గొట్టి నీళ్లు పెట్టుకోవడానికి లేదు. నీరు తూములోంచి ఉపకాలువలోకి, అక్కడి నుంచి పంటబోదెలోకి, ఆపైన మడిలోకి రావాలి. ఎవరికి వారు గట్టు కోస్తే చివరి భూములు ఎండుతాయి. ఇప్పుడు ప్రధాన కాలువ అన్నచోట హైవే అనండి, ఉపకాలువ అన్నచోట సర్వీసు రోడ్డు అనండి. ఎక్కే దారీ దిగే దారీ తూములు. మీ ఇంటి గేటు పంటబోదె. డివైడరు పగలగొట్టి చేసుకున్న సందు గండి.

ఈ పోలిక నా సొంత కవిత్వం కాదు. 1955లో లైట్‌హిల్, విథమ్ అనే ఇద్దరు గణితవేత్తలు లండన్ రాయల్ సొసైటీ పత్రికలో జంటగా రెండు పరిశోధన పత్రాలు రాశారు. మొదటిది పొడవైన నదుల్లో వరద కదలిక గురించి. రెండోది కిక్కిరిసిన రోడ్ల మీద వాహనాల కదలిక గురించి. గణితం రెండింటికీ ఒకటే! చదువుకునే రోజుల్లో ఈ జంట గురించి తెలిసినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. నదికీ రోడ్డుకీ మధ్య వాళ్లు చూపిన ముఖ్యమైన తేడా ఒక్కటే: వరద అల దిగువకు నడుస్తుంది, కిక్కిరిసిన రోడ్డు మీద ఆగుడు అల ఎగువకు నడుస్తుంది. వాహనాలు ముందుకే పోతుంటాయి, 'ఆగడం' మాత్రం గంటకు 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో వెనక్కి పాకుతుంది. అందుకే ఒక్కోసారి రోడ్డు మీద కారణం లేకుండా ఆగి, కారణం లేకుండానే బయలుదేరతాం. ఆ కారణం ఎక్కడో ముందు, పది నిమిషాల కిందట దాటిపోయిన ఒక ట్రాక్టరు.

ఆ ట్రాక్టరును కాస్త పట్టుకుందాం. బడిలో తొట్టి, కుళాయి లెక్కలు చేసి ఉంటారు. ఒక కుళాయి నింపుతుంది, ఇంకో కుళాయి ఖాళీ చేస్తుంది, తొట్టి ఎప్పటికి ఖాళీ అవుతుంది? రెండు కుళాయిలూ ఒకేసారి తిప్పే పిచ్చివాడెవడు సార్ అని మేం నవ్వుకునేవాళ్లం. ఆ లెక్క తొట్ల కోసం కాదనీ, వరుసల కోసమనీ ఒక్క మాస్టారైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది! హైవే మీద ఒక వరుసలో మూడు సెకన్లకు ఒక వాహనం వస్తోందనుకోండి. ఆగిన వరుస కదిలాక రెండు సెకన్లకు ఒకటి చొప్పున బయటపడుతుంది. గండిలోంచి ట్రాక్టరు అడ్డం దాటడానికి 20 సెకన్లు పట్టింది. పోగైన వరుస ఎప్పటికి కరుగుతుంది? 60వ సెకనుకు. అప్పటికి వచ్చినవి 20, కదలిక మొదలయ్యాక గడిచిన 40 సెకన్లలో వెళ్లినవీ 20. అంటే 20 సెకన్ల ఆటంకానికి నిమిషం మూల్యం.

ఇప్పుడు రద్దీ కొంచెం పెంచుదాం. మూడు సెకన్లకు బదులు రెండున్నర సెకన్లకు ఒకటి. పెరిగింది 20 శాతమే. అదే ట్రాక్టరు, అవే 20 సెకన్లు. ఈసారి వరుస 100 సెకన్లకు గానీ కరగదు, చిక్కుకునే వాహనాలు 20 కాదు, 40. వాహనాలు అయిదో వంతు పెరిగితే చిక్కుకునేవి రెట్టింపయ్యాయి! ఈ 100 సెకన్ల లోపే ఇంకో ట్రాక్టరో, బడి పిల్లల ఆటోనో అదే సందులో దూరిందంటే మొదటి వరుస కరగకముందే రెండోది దాని మీద పేరుకుంటుంది. రెండు సెకన్లకు ఒకటి చొప్పునే వస్తుంటే ఇక ఆ తొట్టి రాత్రి దాకా ఖాళీ కాదు.

ఇంజనీర్లు ఇదే సంగతిని ఇంకో విధంగా, ఢీకొనే అవకాశమున్న బిందువులను లెక్కపెట్టి చెబుతారు. నాలుగు దారులు కలిసే మామూలు కూడలిలో వాహనాల మధ్య 32 బిందువులు, మూడు దారులు కలిసేచోట 9. అదే మూడు దారుల చోట డివైడరు మూసి, ఎడమకే తిరగనిస్తే మిగిలేవి రెండే: ఒకటి కలిసేచోట, ఒకటి విడిపోయేచోట.

ఇలాంటి చోట్లను మనవాళ్లు లెక్కపెట్టే తీరు వేరు. వరసగా రెండు మూడు ప్రమాదాలు జరిగితే "ఆ మలుపు మంచిది కాదు" అంటారు. గుమ్మడికాయ కొడతారు, చిన్న గుడి కడతారు. గుడి ముందు లారీలు వేగం తగ్గించి హుండీలో చిల్లర విసురుతాయి. వెనక వచ్చే బస్సుకు అది ఇంకో ఆటంకం. మలుపుకు పట్టిన దయ్యం పేరు తొమ్మిది బిందువులు, నిమ్మకాయలకు లొంగదు.

సర్వీసు రోడ్ల విషయంలో అందరికంటే ఎక్కువగా ప్రయోగం చేసింది అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం. కొత్త హైవే వేసేటప్పుడు పక్క భూముల వాళ్లకు దారి హక్కు పోతుంది, పరిహారం కట్టాలి. దానికంటే గట్టు పక్కన ఇంకో రోడ్డు వేసివ్వడమే చవక అని అక్కడి వాళ్లు అప్పట్లో లెక్క వేశారు. హ్యూస్టన్‌లో ఆ రోడ్డును జనం 'ఫీడర్' అంటారు. మన నీటిపారుదల వాళ్ల నోట్లో నానే మాటే! అయితే దారి ఉన్నచోటికి దుకాణం వస్తుంది, దుకాణం ఉన్నచోటికి జనం వస్తారు. ఆ నగరంలోని కేటీ ఫ్రీవేను 2008 నాటికి, ఫీడర్లతో కలిపి కొన్నిచోట్ల 26 వరుసల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్లకే రద్దీ వేళ ప్రయాణ సమయం మళ్లీ పెరగసాగింది. నెల్లూరులో ఇంకా ట్రంక్ రోడ్డు అని పిలిచే బజారు ఒకప్పుడు మద్రాసు నుంచి ఉత్తరాదికి పోయే పెద్ద దారే. తర్వాత మినీ బైపాస్ వచ్చింది, అదీ బజారైంది. ఆ పక్క హైవే వంతు ఇప్పుడు నడుస్తోంది.

టెక్సాస్ ఇంజనీర్ల దగ్గర నేర్చుకోదగ్గ కిటుకు కూడా ఒకటుంది. రెండు కూడళ్ల మధ్య ఒక ఎక్కే దారి, ఒక దిగే దారి ఉన్నాయనుకోండి. ముందు ఎక్కే దారి, తర్వాత దిగే దారి పెడితే, ఎక్కినవాడు ఎడమ నుంచి కుడికీ, దిగాల్సినవాడు కుడి నుంచి ఎడమకూ జరగాలి. జడలో పాయల్లా ఒకరినొకరు దాటుకోవడం హైవే మీదే, 80 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. వరస తిరగేసి ముందు దిగే దారి, తర్వాత ఎక్కే దారి పెడితే ఆ జడ అల్లిక కింద సర్వీసు రోడ్డు మీదికి, 30 కిలోమీటర్ల వేగానికి దిగిపోతుంది. గతిశక్తి వేగం వర్గంతో మారుతుంది కాబట్టి వాహనం మోసుకొచ్చే దెబ్బ ఏడో వంతుకు పడిపోతుంది. అదనపు సిమెంటు అక్కర్లేదు, తూముల వరస మారితే చాలు. ఇంత చవకైన ఇంజనీరింగు ఇంకోటి నేను చూడలేదు.

కానీ అల్లిక కిందికి దిగాలంటే కింద చోటుండాలి. మా వాడి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. వాళ్ల కాలేజీ ముందు సర్వీసు రోడ్డు మీద ఒక పక్క టీ బండ్లు, ఇంకో పక్క ఆటోలు, నడుమ ఆగిన బస్సు. ఉపకాలువ పూడిపోతే నీరు తూములోంచి ప్రధాన కాలువలోకి ఎగదన్నుతుంది. అచ్చం అలాగే, దిగే దారిలో నిలిచిపోయిన వాహనాల తోక హైవే మీదికి పాకుతుంది. దానికి తోడు ఆ సర్వీసు రోడ్డు కాలువ వంతెన దగ్గర ఆగిపోయి అవతలి ఒడ్డున మళ్లీ మొదలవుతుంది. ఆ వంద గజాల కోసం పాల సైకిలు కూడా హైవే ఎక్కాల్సిందే. మధ్యలో తెగిన సర్వీసు రోడ్డు ఊరి రద్దీని మోయదు, పోగుచేసి హైవే మీద ఒక్కచోట కుమ్మరిస్తుంది.

"అయితే సందులన్నీ మూసేస్తే సరిపోతుంది కదా" అన్నాడు వాడు. మూస్తే యూటర్న్ కిలోమీటరున్నర అవతల ఉంటుంది. పోనూ రానూ మూడు కిలోమీటర్లు, నెమ్మదిగా పోయే మోపెడ్‌కు ఆరు నిమిషాలు. ఎదురు దిశలో పోతే రెండు వందల మీటర్లు, అర నిమిషం. రోజుకు నాలుగుసార్లు తిరిగేవాడు ఏది ఎంచుకుంటాడో చెప్పడానికి గణితవేత్త అక్కర్లేదు. కాలువ కట్టినవాళ్లకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మురుగు కాలువ ప్రధాన కాలువను దాటాల్సి వస్తే గట్టు తెంచరు, అడుగున అండర్ టన్నెల్ కడతారు. రోడ్డుకు అదే అండర్ పాస్.

మా వాళ్ల ఊరి దగ్గర అదీ కట్టారు. ఈ జిల్లాకు వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలూ అండర్ పాస్‌లో మోకాలి లోతు నీళ్లుంటాయి. నీరు పోవడానికి అడుగున దారి వదలడం ఎవరో మరిచిపోయారు. మోపెడ్లు మళ్లీ గట్టెక్కి, డివైడరులో పాత సందు వెతుక్కుంటాయి.