పసరు మందుతో కామెర్లు తగ్గుతాయా? అపోహలు - వాస్తవాలు

"కామెర్లకు మీ దగ్గర మందు ఉండదంట కదా సార్, అందుకే పసరు పోయించి తీసుకొచ్చాం." జిల్లా కేంద్రంలో జనరల్ ఫిజీషియన్‌గా పనిచేసే నాకు ఈ మాట వినని వారం ఉండదు. ఇది చదువురాని వాళ్ళు మాత్రమే చెప్పే మాట కాదు. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఇంజనీరింగ్ పిల్లల తల్లిదండ్రులు కూడా ఇదే చెప్తారు. వాళ్ళలో ఎక్కువమంది క్షేమంగానే బయటపడతారు. కొందరు మాత్రం రక్తంలో బిలిరుబిన్ (కళ్ళను పచ్చబరిచే పదార్థం) ఇరవై దాటి, మగతగా, పేరు అడిగితే చెప్పలేని స్థితిలో వస్తారు. వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

అపోహ: పసరు తాగితే కామెర్లు తగ్గుతాయి. మా ఇంట్లోనే తగ్గాయి.

వాస్తవం: మీ ఇంట్లో తగ్గిన మాట నిజమే, కాదనను. చిన్నప్పుడు నాకూ కామెర్లు వచ్చాయి. మా నాయనమ్మ పరగడుపున పక్క ఊరికి తీసుకెళ్ళి పసరు పోయించింది, చప్పిడి పత్యం పెట్టింది. నెల తిరిగేసరికి లేచి ఆడుకున్నాను. ఆ పసరే నన్ను బతికించిందని ఆమె చివరిదాకా నమ్మింది. అదే వేసవిలో మా వీధిలో కామెర్లు వచ్చిన ఇంకో ఇద్దరు పిల్లలకు ఎవరూ ఏ పసరూ పోయలేదు. వాళ్ళూ అంతే కాలంలో లేచారు. కానీ వాళ్ళ గురించి ఊళ్ళో ఎవరూ చెప్పుకోలేదు. మందు తాగి తగ్గితే పదిమందికి చెప్తాం, ఊరికే తగ్గితే మర్చిపోతాం.

మన దగ్గర జ్వరం, వాంతులతో మొదలై ఉన్నట్టుండి వచ్చే కామెర్లలో ఎక్కువ భాగం హెపటైటిస్ ఎ, ఇ వైరస్‌ల వల్ల వస్తాయి. డ్రైనేజీ కలిసిన నీళ్ళు, శుభ్రత లేని తిండి వీటికి దారి. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో శరీరమే ఆ వైరస్‌ను వదిలించుకుంటుంది, కొన్ని వారాల్లో కళ్ళు తెల్లబడతాయి. పసరు కోసం జనం ఎప్పుడు వెళ్తారో గమనించండి: కళ్ళు బాగా పచ్చబడ్డాక. అప్పటికే జబ్బు ముదరాల్సినంత ముదిరి ఉంటుంది. ఆ తర్వాత పసరు తాగినా మజ్జిగ తాగినా దిగడమే. ఆ పేరు మాత్రం పసరుకు పోతుంది.

ఇంతవరకే అయితే నాకు ఏ బాధా లేదు. చేదు పసరు తాగాడు, తగ్గింది, సంతోషం. కానీ కామెర్లు ఒక జబ్బు కాదు, లక్షణం. పిత్తాశయంలో రాయి జారి నాళానికి అడ్డుపడినా కామెర్లే. క్లోమగ్రంథి (పాంక్రియాస్) తలభాగంలో క్యాన్సర్ వచ్చినా కామెర్లే. ఏళ్ళ తరబడి మద్యం తాగిన వాడి కాలేయం పాడైనా, హెపటైటిస్ బి ఒక్కసారిగా చెలరేగినా, రక్తకణాలు విరిగిపోతున్నా కామెర్లే. పసరు పోసే మనిషి కళ్ళు చూసి వీటిలో ఏదో చెప్పలేడు. కళ్ళు చూసి నేనూ చెప్పలేను. అందుకే ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చెప్పే రక్తపరీక్ష), స్కానింగ్ కావాలంటాం.

ఆ మధ్య అరవై దాటిన ఒక రైతు వచ్చారు. జ్వరం లేదు, నొప్పి లేదు. కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద, మలం సున్నంలా తెల్లగా, మనిషి సగమయ్యారు. అప్పటికే మూడు ఊళ్ళలో పసరు తాగారు. ఒకచోట తగ్గకపోతే "పత్యం చెడింది" అన్నారట, ఇంకోచోట "వేడి చేసింది" అన్నారట. స్కాన్‌లో క్లోమగ్రంథి క్యాన్సర్, అప్పటికే కాలేయానికి పాకింది. ముందే వచ్చి ఉంటే బతికేవారని నేను చెప్పను. ఈ క్యాన్సర్ బయటపడే సమయానికే ఆపరేషన్‌కు వీలున్నవాళ్ళు ఐదుగురిలో ఒకరికి మించరు. కానీ ఆ ఒక్కరు ఆయనే అయ్యుండొచ్చేమో తేల్చుకునే అవకాశం కూడా పోయింది. వాళ్ళబ్బాయి "మేం ఊరికే కూర్చోలేదు సార్, రోజూ తిప్పుతూనే ఉన్నాం" అన్నాడు. నిజంగానే తిప్పాడు. ఆ అబ్బాయిని ఏమనాలి?

పసరు ఒక్కోసారి కాలేయాన్ని నేరుగా దెబ్బతీస్తుంది, అది వేరే సంగతి. అంతకంటే ఎక్కువ మందిని దెబ్బతీసేది "ఇంకో మూడు డోసులు అయ్యాక చూద్దాం" అంటూ పోయే కాలం. ఆ కాలం అసలు లేనివాళ్ళు ముగ్గురున్నారు.

గర్భిణులు మొదటివాళ్ళు. చివరి నెలల్లో హెపటైటిస్ ఇ వస్తే మరణాలు 20 నుంచి 25 శాతం దాకా ఉంటాయి. మామూలు మనిషికి ఊరికే తగ్గిపోయే అదే వైరస్ ఇది. గర్భిణికి కళ్ళు పచ్చబడితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

రెండు, పసిపిల్లలు. పుట్టిన రెండు మూడు రోజులకు కాస్త పచ్చబడటం మామూలే. రెండు వారాలు దాటినా పచ్చగానే ఉండి, మలం తెల్లగా పాలిపోయి వస్తుంటే పిత్తనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. దానికి చేసే కసాయ్ ఆపరేషన్ రెండు నెలల లోపు చేస్తేనే మంచి ఫలితం ఉంటుంది. ఆ రెండు నెలలూ బొడ్డు చుట్టూ వాతలు పెట్టించి, ఎండలో పడుకోబెట్టి గడిపిన తల్లులను చూశాను. వాళ్ళది నిర్లక్ష్యం కాదు, ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిందల్లా చేశారు. వాతల వల్ల బిలిరుబిన్ కొంచెం కూడా తగ్గదు. పుండ్లు పడి చీము పడుతుంది.

మూడు, కాలేయం విఫలమవుతున్నవాళ్ళు. పగలు మగత, రాత్రి నిద్ర లేకపోవడం, సంబంధం లేని మాటలు, చిగుళ్ళ నుంచి రక్తం, ఆగని వాంతులు. వీటిలో ఏది కనిపించినా గంటలు లెక్క.

అపోహ: హెపటైటిస్ బి పాజిటివ్‌ను నాటు మందుతో నెగెటివ్ చేస్తారు.

వాస్తవం: పెద్దయ్యాక కొత్తగా హెపటైటిస్ బి సోకినవాళ్ళలో దాదాపు 95 శాతం మందికి అది దానంతట అదే పోతుంది. నాటు వైద్యుడు చూపించే నెగెటివ్ రిపోర్టులు ఎక్కువగా ఇలాంటివే. పుట్టుకతో తల్లి నుంచి వచ్చిన వాళ్ళలో మాత్రం సుమారు 90 శాతం మందిలో జీవితాంతం ఉండిపోతుంది.

నేల ఉసిరి సంగతి తప్పక అడుగుతారు. దాని మీద 1988లో లాన్సెట్ వైద్య పత్రికలో మద్రాసు నుంచి ఒక అధ్యయనం వచ్చింది. 37 మందిలో 22 మందికి వైరస్ ఆనవాలు పోయిందని అందులో రాశారు. ఆ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ అందుకున్న బ్లంబర్గ్ కూడా సహ రచయిత. మేం ఆకుల్ని చూడగానే కొట్టిపారేస్తామనే వాళ్ళు ఇది తెలుసుకోవాలి. ఆశతోనే పరీక్షించారు. తర్వాత జరిగిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్ళీ రాలేదు, అందుకే వదిలేశారు. ఇప్పుడు రోజుకో టెనోఫోవిర్ మాత్రతో వైరస్‌ను అదుపులో పెట్టొచ్చు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో ఉచితం. నాటు వైద్యుడు ఆపేయమన్నాడని ఈ మాత్ర ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి కాలేయం దెబ్బతినొచ్చు, ప్రాణమే పోవచ్చు. దయచేసి ఆపకండి.

అపోహ: చేతులు కడిగితే పసుపు నీళ్ళు దిగాయి, కళ్ళారా చూశాం.

వాస్తవం: చేతులకు ముందు మామిడి బెరడు రసం రాస్తారు, తర్వాత సున్నపు తేట పోస్తారు. రెండూ కలిస్తే పసుపు రంగు వస్తుంది. కామెర్లు లేనివాడి చేతులకు పోసినా వస్తుంది. ముక్కులో ఘాటైన పసరు వేస్తే కారే నీళ్ళూ అంతే, ముక్కు పొర మండి కారేవి. బిలిరుబిన్ ముక్కు నుంచి బయటికి రాదు.

ఇక్కడ మా వైపు లోటు కూడా చెప్పాలి. హెపటైటిస్ ఎ వచ్చిన మనిషికి మేం రెండు నిమిషాల్లో "రెస్టు తీసుకోండి, మందు అక్కర్లేదు" అని పంపించేస్తాం. వైద్యపరంగా అది సరైన సలహా. కానీ కళ్ళు పచ్చబడి భయపడుతున్న మనిషికి అది చేతులెత్తేసినట్టు వినిపిస్తుంది. పసరు పోసే ఆయన అరగంట కూర్చోబెట్టి మాట్లాడతాడు, ఏం తినాలో చెప్తాడు, తగ్గుతుందని మాటిస్తాడు. ఇంకోవైపు అవసరం లేని సెలైన్లు ఎక్కించి వేలకు వేలు లాగే ఆసుపత్రులూ ఉన్నాయి. 2021 మేలో కరోనాకు ఆనందయ్య ఇచ్చిన నాటు మందు కోసం నెల్లూరు జిల్లా కృష్ణపట్నం దారిలో అంత జనం బారులు తీరారంటే, అప్పుడు ఆక్సిజన్ పడక దొరకని భయం ఎంతటిదో గుర్తు తెచ్చుకోండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పసుపు తింటే కామెర్లు పెరగవు. నూనె, ఉప్పు, పప్పు అన్నీ మానేసి వారాల తరబడి మజ్జిగన్నంతో ఉంటే నీరసం తప్ప లాభం లేదు. కడుపు పట్టినంత మామూలు తిండి తినొచ్చు. రోడ్డు పక్క ఐసు వేసిన చెరకు రసం కామెర్లకు మందు కాదు, ఆ ఐసు నుంచే కామెర్లు రావొచ్చు. తిప్పతీగ ఆకే కదా అని రోజూ నూరి తాగకండి. కరోనా కాలంలో అది తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ళను మన దేశంలోని డాక్టర్లు గుర్తించి వైద్య పత్రికల్లో రాశారు. మద్యం మాత్రం కచ్చితంగా మానాలి. జ్వరం మాత్రలు డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు.

ఒకవేళ పసరు తాగి వచ్చినా, తిడతారని దాచకండి. ఏ ఆకు, ఎన్ని రోజులు, దాంతో పాటు పొడులు, మాత్రలు ఏమైనా ఇచ్చారా అన్నది చెప్పండి, పొట్లం మిగిలి ఉంటే పట్టుకురండి. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు ఎందుకు అంతగా పెరిగాయో తేల్చడానికి చాలాసార్లు ఆ పొట్లమే మాకు దారి చూపిస్తుంది.