ముందు గుర్రం కంట పడండి

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి,

వేసవి సెలవుల్లో మీ ఇద్దరూ గుర్రపు స్వారీ నేర్చుకోబోతున్నారని అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషం. మీ ధ్యాసంతా జీను ఎక్కడం మీదే ఉంటుందని తెలుసు. నేను మాత్రం ఎక్కువగా నేల మీద ఉన్నప్పటి సంగతులే రాస్తున్నాను. ఎక్కాక చూసుకోవడానికి గురువుగారు ఉంటారు.

అధికారి ముందు, గుర్రం వెనక నిలబడకూడదని హిందీలో సామెత ఉంది. గుర్రం విషయంలో అది సగం మాటే. కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి గుర్రం దాదాపు చుట్టూ చూడగలదు. తోక వెనక, నుదుటికి సరిగ్గా ఎదురుగా మాత్రం దానికి ఏమీ కనబడదు. పిల్లలు ముద్దుగా నిమరబోయేది ఆ నుదుటినే! ఎక్కడి నుంచో చెయ్యి ఊడిపడేసరికి అది తల విసురుతుంది, మన పళ్లు రాలతాయి. అందుకని ఎడమ భుజం వైపు నుంచి, పేరు పెట్టి పిలుస్తూ వెళ్లండి. మెడ మీద చెయ్యి వేయండి. గుర్రం నిలబడే కునుకు తీయగలదు, కదలకుండా ఉంది కదా అని మెలకువగా ఉందనుకోవద్దు. చెవులు వెనక్కి వాలి మెడకు అంటుకుపోతే ఇక దగ్గరికి పోకండి.

నడిపించేటప్పుడు తాడును చేతికి చుట్టుకోవద్దు. నాలుగైదు వందల కిలోల జంతువు బెదిరి పరుగందుకుంటే ఆ చుట్ట బిగుసుకుని వేళ్లు విరుగుతాయి. మడతలు వేసి పట్టుకుంటే వదిలేయవచ్చు.

చెప్పులతో ఎక్కవద్దు. మడమ ఎత్తున్న బూట్లు లేకపోతే పాదం రికాబులోంచి, అంటే జీనుకు వేలాడే కాలి కడియంలోంచి, దూసుకుపోయి ఇరుక్కుంటుంది. పొట్ట కిందుగా బిగించే జీను పట్టీని ఎక్కేముందు మరోసారి చూసుకోండి. బిగించేటప్పుడు పొట్ట ఉబ్బించి, తరవాత తీరిగ్గా వదిలే గడుసు గుర్రాలున్నాయి.

స్వారీ బడుల్లో చాలాచోట్ల రేసులు మానిన గుర్రాలుంటాయి. వాటిలో కొన్ని పగ్గం బిగిసినకొద్దీ ముందుకే తోసుకుపోతాయి. భయపడిన పిల్లలేమో పగ్గం గుంజుతూనే మడమలతో డొక్కలు నొక్కుతారు. ఆగమనీ పొమ్మనీ ఒకేసారి చెబితే పాపం అదేం చేస్తుంది?

బెల్లం ముక్కయినా సరే, సాకేవారిని అడగకుండా పెట్టవద్దు. గుర్రానికి వాంతి చేసుకోవడం చేతకాదు, పడనిది తింటే ప్రాణం మీదికి వస్తుంది. పెట్టమంటే అరచెయ్యి చాపి, వేళ్లు దగ్గరగా ఉంచి పెట్టండి.

హెల్మెట్ కొత్తదే కొనమని అమ్మతో చెప్పండి. ఒకసారి గట్టి దెబ్బ తిన్నది పైకి బాగున్నా పనికిరాదు.

మీ తాతయ్య