ఒకే రూటర్ వెనక నాలుగు సర్వర్లు

2001 జనవరి 23 సాయంత్రం మైక్రోసాఫ్ట్‌లో ఒక రూటర్ సెట్టింగు మార్చారు. ఆ మార్పులో తప్పు దొర్లింది. దాదాపు ఒక రోజు పాటు ఆ సంస్థ సైట్లు చాలామందికి తెరుచుకోలేదు. వెబ్ సర్వర్లు మాత్రం నిక్షేపంగా నడుస్తూనే ఉన్నాయి. సైటు పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్, అంటే నెట్‌లో ఆ మెషీన్ నంబరు, చెప్పాల్సిన డీఎన్ఎస్ సర్వర్లు (వీటినే నేమ్ సర్వర్లు అంటారు) నాలుగూ ఆ రూటర్ వెనకే, ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయి. పేరుకు నాలుగు, ఆపదలో ఒక్కటి.

ప్రతి జోన్‌కూ, అంటే ఒక డొమైన్ రికార్డుల మొత్తానికీ, కనీసం రెండు నేమ్ సర్వర్లు ఉండాలన్నది 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1034 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంలోనే ఉంది. అవి వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు నెట్‌వర్క్‌లలో ఉండాలని 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2182 వివరంగా చెప్పింది. కాబట్టి మీ డొమైన్ అసలు సర్వర్ (ప్రైమరీ) హైదరాబాద్‌లో ఉంటే దాని కాపీ ఉంచుకునే సర్వర్‌ను (సెకండరీ) ముంబైలోనో సింగపూర్‌లోనో, అదీ వేరే హోస్టింగ్ కంపెనీ దగ్గర పెట్టండి. ఒకే ర్యాక్‌లో, ఒకే యూపీఎస్ మీద రెండు పెట్టుకుంటే డిస్క్ పోయినప్పుడు మాత్రమే పనికొస్తుంది.

రెండింటిలోనూ బైండ్ అనే డీఎన్ఎస్ సాఫ్ట్‌వేర్ వేస్తే చాలు. జోన్ ఫైలును ప్రైమరీలో మాత్రమే దిద్దాలి. సెకండరీ దాన్ని తనే తెచ్చుకుంటుంది. ఆ కాపీ ఎవరు పడితే వాళ్లు తీసుకోకుండా ఒక టీసిగ్ కీ (ఆ రెండు సర్వర్లకే తెలిసిన రహస్య కోడ్) తయారుచేసి రెండు వైపులా ఇవ్వండి. రెండు సర్వర్ల గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్ ద్వారా టైము సరిచేసే పద్ధతి) సరిగ్గా ఉండాలి. 5 నిమిషాలకు మించి తేడా వస్తే మామూలుగా ఆ కీ చెల్లదు. చివరగా రెండు సర్వర్ల పేర్లూ జోన్‌లోనూ, డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ దగ్గరా ఒకేలా నమోదు కావాలి. ఆ పేర్లు మీ డొమైన్‌లోవే అయితే వాటి ఐపీలను కూడా రిజిస్ట్రార్ దగ్గర గ్లూ రికార్డులుగా ఇవ్వాలి. సర్వర్ ఐపీ మారినప్పుడు అందరూ మరిచిపోయేది ఈ గ్లూనే.

ఇక జోన్ మొదట్లో ఉండే ఎస్‌ఓఏ రికార్డు. సెకండరీ బతుకంతా అందులోని అంకెల మీదే. రిఫ్రెష్ 3600, రిట్రై 900, ఎక్స్‌పైర్ 1209600 సెకన్లు అనుకుందాం. అంటే సెకండరీ గంటకోసారి ప్రైమరీని సీరియల్ నంబరు (జోన్ ఫైలు ఎన్నో వెర్షనో చెప్పే అంకె) అడుగుతుంది; జవాబు రాకపోతే పావుగంటకోసారి మళ్లీ అడుగుతుంది; 14 రోజులైనా అందకపోతే ఆ జోన్‌కు జవాబివ్వడం మానేస్తుంది. మార్పు జరగగానే ప్రైమరీ నోటిఫై అనే కబురు పంపుతుంది కనుక మామూలుగా గంట ఆగే పని లేదు. కానీ ఫైలు దిద్ది సీరియల్ పెంచడం మరిచిపోతే సెకండరీ దృష్టిలో ఏమీ మారనట్టే. అప్పుడు కొందరికి కొత్త ఐపీ, కొందరికి పాతది వెళ్తుంది.

ఇంతకన్నా మోసకారి తప్పు ఒకటుంది. ఫైర్‌వాల్‌లో డీఎన్ఎస్ వాడే పోర్టు 53ను యూడీపీకి (చిన్న ప్రశ్న-జవాబుల పద్ధతి) తెరిచి టీసీపీకి (కనెక్షన్ పెట్టుకుని పంపే పద్ధతి) మూసేస్తారు. సీరియల్ అడగడం యూడీపీలో జరిగిపోతుంది. జోన్ మారనంత కాలం అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఏదో ఒక రోజు రికార్డు మారుస్తారు, సీరియల్ పెరుగుతుంది, కాపీ తెచ్చుకోవాలి. ఆ బదిలీ టీసీపీ మీదే జరగాలి, అది అడ్డుపడుతుంది. సెకండరీ పాత సమాచారమే చెబుతూ 14 రోజులు గడిపి, పదిహేనో రోజు చేతులెత్తేస్తుంది. ఆ పాటికి ఫైర్‌వాల్ సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ప్రతి సర్వర్‌నూ డిగ్ అనే కమాండ్‌తో విడిగా ఎస్‌ఓఏ అడిగి, సీరియళ్లు కలిశాయో లేదో రోజూ చూసే చిన్న స్క్రిప్టు తప్పనిసరి.

భారం పంచుకోవడం గురించి చాలామందికి ఒక అపోహ: రెండు పెడితే ప్రశ్నలు సగం సగం వస్తాయని. అలా జరగదు. వాడేవాళ్ల తరఫున ప్రశ్న అడిగే సర్వర్లలో (రిజాల్వర్లు) చాలా వరకు ఏ సర్వర్ త్వరగా జవాబిస్తోందో గమనించి దానివైపే మొగ్గుతాయి. కాబట్టి ఒకటి పోయినా మొత్తం మోయగలిగేంత శక్తి ప్రతిదానికీ ఉండాలి. చిన్న డొమైన్‌కు 1 జీబీ ర్యామ్ ఉన్న మెషీనే ఎక్కువ.

ఆఫీసు లోపల లెక్క వేరు. లినక్స్ మెషీన్లలో రిజాల్వ్ డాట్ కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలులో మూడు నేమ్ సర్వర్ల దాకా రాయొచ్చు, కానీ మామూలుగా ప్రతి ప్రశ్నా ముందు మొదటిదానికే వెళ్తుంది. అది పడిపోతే ప్రతి ప్రశ్నకూ 5 సెకన్లు ఆగి రెండోదాన్ని అడుగుతుంది; వాడేవాళ్లకు నెట్ పోయినట్టే ఉంటుంది. టైమవుట్‌ను 1 సెకనుకు తగ్గించి, వంతులవారీగా అడిగే రొటేట్ ఆప్షన్ పెడితే సర్వర్లు భారమూ పంచుకుంటాయి. అయితే రెండోదిగా గూగుల్ డీఎన్ఎస్ అయిన 8.8.8.8 రాయకండి. ఆఫీసు లోపలి పేర్లు గూగుల్‌కు తెలియవు, ‘అలాంటి పేరు లేదు’ అంటుంది. అదీ ఒక జవాబే కాబట్టి మెషీన్ ఇంకో సర్వర్‌ను అడగదు. ప్రింటరు ఒకసారి దొరుకుతుంది, ఒకసారి దొరకదు.

అన్నీ అమర్చాక, పని తక్కువుండే ఒక ఆదివారం ప్రైమరీని గంటసేపు ఆపి, బయటి నెట్‌వర్క్ నుంచి, పాత జవాబులు క్యాష్‌లో లేని మెషీన్‌తో సైటు తెరిచి చూడండి.