బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా ఏడాది: పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన పిల్లలందరికీ ఆశీస్సులు.

వేదిక మీద వంద మంది దాకా కూర్చుని వాయించే సింఫనీ ఆర్కెస్ట్రావారు కచేరీ లేని రోజుల్లో ఏం చేస్తారని, వారికి జీతాలు ఎవరిస్తారని మీలో కొందరు అడిగారు. నేను చాలా ఏళ్లు బోస్టన్ నగరంలో ఉన్నవాణ్ణి కనుక, నాకు బాగా తెలిసిన బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా సంగతే మీకు రాస్తాను. కచేరీలు ఒక పని, పర్యటనలు ఇంకొక పని, ఊరి జనానికి చేసే సేవ తీరిక దొరికినప్పుడు చేసే మరొక పని అని చాలామంది అనుకుంటారు. ఈ ఆర్కెస్ట్రా పుట్టుక తెలిస్తే ఆ మూడూ ఒకే పని అని మీకే అర్థమవుతుంది.

హెన్రీ లీ హిగ్గిన్సన్ అనే ఆయన కుర్రతనంలో వియన్నా వెళ్లి సంగీతం నేర్చుకున్నాడు. చెయ్యి సహకరించక వాద్యకారుడు కాలేకపోయాడు. అమెరికా అంతర్యుద్ధంలో సైనికుడిగా పోరాడి గాయపడ్డాడు, తరువాత బ్యాంకింగ్ వ్యాపారంలో స్థిరపడ్డాడు. చేతిలో డబ్బు ఆడగానే 1881లో సొంత ఖర్చుతో ఈ ఆర్కెస్ట్రాను నెలకొల్పాడు. టికెట్ల మీద వచ్చే డబ్బు ఖర్చులకు చాలదని ఆయనకు మొదటి రోజు నుంచే తెలుసు. లోటును ఏళ్ల తరబడి తానే భరించాడు. పేదవారు కూడా వచ్చి వినగలగాలని శుక్రవారం మధ్యాహ్నపు ప్రదర్శనలకు 25 సెంట్ల టికెట్లు పెట్టించాడు. ఆ సీట్ల కోసం జనం గంటల ముందే వచ్చి వరుసలో నిలబడేవారు. ఇప్పటికీ లోటు ఉంటూనే ఉంది. దాతల విరాళాలతోను, మూలధనం మీద వచ్చే రాబడితోను దాన్ని పూడ్చుకుంటున్నారు. మీ రెండో ప్రశ్నకు జవాబు అదే.

సెప్టెంబరు చివర మొదలై మే నెల తొలి రోజుల దాకా సాగే ప్రధాన కచేరీలు సింఫనీ హాలులో జరుగుతాయి. 1900లో ప్రారంభమైన ఆ భవనం గురించి కాస్త వివరంగా చెప్పక తప్పదు. ధ్వని ఎలా వ్యాపిస్తుందో శాస్త్రీయంగా లెక్క కట్టి నిర్మించిన మొదటి సంగీతశాల అది. ఆ లెక్క కట్టినవాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించే వాలెస్ క్లెమెంట్ సాబిన్. విశ్వవిద్యాలయంలోని ఒక ఉపన్యాస మందిరంలో మాట్లాడితే మాటలు ఒకదాని మీద ఒకటి పడి కలిసిపోయి ఎవరికీ అర్థమయ్యేవి కావు. దాన్ని బాగుచేసే పనిని ఆ యువ అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రివేళ, వీధి చప్పుళ్లు సద్దుమణిగాక, పక్కనున్న నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకు వచ్చి, ఒక్కొక్క వరుస పెంచుతూ, ఆర్గాన్ గొట్టాన్ని మోగించి ఆపిన తరువాత ఆ నాదం పూర్తిగా అణగిపోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో కొలిచేవాడు. మెత్తలు పెరిగేకొద్దీ నాదం త్వరగా అణిగేది. గది ఎంత పెద్దదైతే నాదం అంత ఎక్కువసేపు నిలుస్తుందని, గోడలు, బట్టలు, మనుషులు ఎంత పీల్చుకుంటే అంత తక్కువసేపు నిలుస్తుందని ఆ కొలతల నుంచి ఒక సూత్రం రాబట్టాడు. ఇల్లు కట్టే ఇంజినీర్లు ఈనాటికీ ఆ సూత్రాన్నే వాడుతున్నారు. సింఫనీ హాలు వేదిక పైన సంగీతకర్తల పేర్లు చెక్కడానికి ఫలకాలు అమర్చారు కాని, అందరికీ సమ్మతమైన పేరు ఒక్క బీథోవెన్‌దే కావడంతో మిగిలిన ఫలకాలు ఖాళీగానే ఉండిపోయాయి.

ఒక వారం ఎలా గడుస్తుందో చూద్దాం. వారం మొదట్లో సాధనలు ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు రెండున్నర గంటలు. వారం చివర్లో అదే కార్యక్రమాన్ని రెండు మూడు సార్లు ప్రదర్శిస్తారు. మరుసటి వారం కొత్త రచనలు, తరచుగా ఎదురుగా నిలబడి చేతులు ఊపుతూ బృందాన్ని నడిపించే కండక్టరు కూడా కొత్తవాడే. సాధనకు ముందే గ్రంథాలయంలో చాలా పని జరిగిపోతుంది. వయొలిన్ వాయించేవారందరి కమానులు ఒకే సమయంలో ఒకే వైపు కదలడం మీరు గమనించే ఉంటారు. ఏ స్వరానికి కమాను కిందికి లాగాలో, దేనికి పైకి నెట్టాలో ఆ వాద్యబృందానికి పెద్ద ముందుగా నిర్ణయిస్తే, గ్రంథాలయం ఉద్యోగులు ఆ గుర్తులను ప్రతి ఒక్కరి కాగితం మీదా పెన్సిలుతో దించుతారు. ఇద్దరికి ఒక స్టాండు ఉంటుంది. లోపలి వైపు కూర్చున్నవారు పుట తిప్పుతుంటే బయటి వైపు ఉన్నవారు వాయిస్తూనే ఉండాలి. మన సన్నాయి లాంటి ఓబో అనే వాద్యం వాయించేవారైతే ఇంట్లో కూర్చుని, రెల్లును చాకుతో తొలిచి, దారంతో కట్టి, నోట పెట్టుకుని ఊదే పీకలను తామే తయారుచేసుకుంటారు. పీక కొన్నాళ్లకే పాడైపోతుంది కనుక ఆ పని ఎప్పటికీ తీరదు. కచేరీ లేని రోజున ఏం చేస్తారంటే, ఇదీ చేస్తారు.

ఈ బృందంలో చేరడం ఎంత కష్టమో కూడా చెప్పాలి. వాయించేది ఎవరో కనబడకుండా తెర వెనుక పరీక్ష పెట్టే పద్ధతిని తొలి రోజుల్లోనే చేపట్టిన ఆర్కెస్ట్రాల్లో ఇది ఒకటి. చెప్పుల చప్పుడును బట్టి కూడా ఆడవారో మగవారో తెలిసిపోతున్నదని కొన్ని చోట్ల నేల మీద తివాచీ పరిచేవారు. డోరియట్ ఆంథొనీ డ్వయర్ 1952లో ఇక్కడ ప్రధాన వేణువాదకురాలిగా చేరేనాటికి, అమెరికాలోని పెద్ద ఆర్కెస్ట్రాల్లో ఒక వాద్యవిభాగానికి ప్రధాన స్థానంలో స్త్రీ ఉండటం చాలా అరుదు. ఆర్కెస్ట్రా పుట్టిన డెబ్బై ఏళ్లకు గాని ఆ స్థానం ఒక స్త్రీకి దక్కలేదంటే, అది ఆలస్యమేనని నేను నిస్సంకోచంగా చెబుతాను.

వసంతకాలం రాగానే సింఫనీ హాలు రూపమే మారిపోతుంది. కింది అంతస్తులోని కుర్చీలు తీసేసి బల్లలు వేస్తారు. తింటూ తాగుతూ తేలికపాటి సంగీతం వినే బోస్టన్ పాప్స్ కచేరీలు ఇవి, 1885లో మొదలయ్యాయి. సంగీతం అంటే బిగుసుకుని కూర్చోవాలని భయపడేవారిని లోపలికి పిలిచిన ద్వారం ఇదే.

కొందరికి ఆ ద్వారం దాకా రావడం కూడా కష్టమే. ఆర్కెస్ట్రాలో వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం) వాయించే ఆర్థర్ ఫీడ్లర్ 1929లో చార్లెస్ నది ఒడ్డున, ఆరుబయట, పైసా టికెట్టు లేకుండా కచేరీలు మొదలుపెట్టాడు. జులై 4న అమెరికా స్వాతంత్ర్య దినోత్సవానికి అక్కడ లక్షల మంది చేరడం ఇప్పుడు ఆనవాయితీ. పిల్లల కోసం ప్రత్యేకించి ఏర్పాటుచేసిన కచేరీలు 1959లో మొదలయ్యాయి; వాటిని తలపెట్టిన హ్యారీ ఎలిస్ డిక్సన్ కూడా వయొలిన్ విభాగంలో కూర్చునే ఒక సభ్యుడే. ఈ రెండు ప్రయత్నాలూ వేదిక మీద కూర్చున్నవారి నుంచే పుట్టాయన్నది నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఈ రోజుల్లో సభ్యులు నలుగురైదుగురు చొప్పున బృందాలుగా ఏర్పడి ఊరి పేటల్లోకి వెళ్లి ఉచితంగా వాయిస్తుంటారు. నలుగురే ఉన్నప్పుడు, చప్పుడులో కలిసిపోవడం ఎవరికీ కుదరదు. మన కర్ణాటక కచేరీలో లాగా ప్రతి ఒక్కరూ పక్కవారిని చెవులు రిక్కించి వినాల్సిందే. దానివల్ల విన్నవారికే కాక వాయించినవారికీ మేలు జరుగుతుంది.

జులై, ఆగస్టు నెలల్లో ఆర్కెస్ట్రా మొత్తం, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ రాష్ట్రానికి పడమటి కొసన, టాంగిల్‌వుడ్ అనే తమ వేసవి కచేరీల చోటుకు తరలిపోతుంది. 1937లో అక్కడ పెద్ద గుడారం కింద కచేరీ జరుగుతుండగా గాలివాన వచ్చి ప్రదర్శన ఆగిపోయింది. గెర్ట్రూడ్ రాబిన్సన్ స్మిత్ అనే ఆవిడ అక్కడికక్కడే లేచి, శాశ్వతమైన కప్పు కావాలంటే చందాలు ఇవ్వమని ప్రేక్షకులను అడిగింది. ఏలియెల్ సారినెన్ అనే గొప్ప వాస్తుశిల్పి గీసిన నమూనాకు ఆ డబ్బు చాలలేదు. ఆ మొత్తానికి ఒక షెడ్డు మాత్రమే వస్తుందని ఆయన తేల్చేశాడు. స్థానిక ఇంజినీరు జోసెఫ్ ఫ్రాంజ్ నమూనాను సులువు చేసి 1938 వేసవికల్లా కట్టించాడు. అయిదు వేల మంది కూర్చునే ఆ కట్టడాన్ని అందరూ ఇప్పటికీ షెడ్డనే పిలుస్తారు. దాని చుట్టూ ఉన్న పచ్చిక మీద దుప్పట్లు పరుచుకుని ఇంకా ఎందరో వింటారు. అప్పటి సంగీత దర్శకుడు సెర్గీ కుస్సెవిట్స్కీ 1940లో అక్కడ యువ సంగీతకారుల కోసం ఒక పాఠశాల తెరిచాడు. తరువాత పేరుమోసిన కండక్టరు, సంగీతకర్త అయిన లియొనార్డ్ బెర్న్‌స్టీన్ మొదటి ఏడాది విద్యార్థుల్లో ఒకడు. 1960లో జపాన్ నుంచి విద్యార్థిగా వచ్చిన సెయ్జీ ఒజావా 1973లో అదే ఆర్కెస్ట్రాకు సంగీత దర్శకుడై 29 ఏళ్లు నడిపించాడు.

పర్యటనల మాటకొస్తే, వంద మందిని విమానం ఎక్కించడం కంటే వాద్యాలను చేర్చడమే కష్టం. వయొలిన్ జాతిలో అన్నిటికంటే పెద్దవైన డబుల్ బేస్‌లను మనిషి ఎత్తు పెట్టెల్లో, చలికీ వేడికీ చెక్క పగలకుండా భద్రపరిచి పంపాలి. మంచి కమానులు చేసే పెర్నాంబుకో కలప, పాత కమానుల కొసన ఉండే ఏనుగు దంతం అంతర్జాతీయ నియంత్రణలో ఉన్నాయి కనుక వాటికి పత్రాలు కూడా కావాలి. ఇంత శ్రమ ఎందుకు పడతారో రెండు పర్యటనలు చెబుతాయి. అమెరికా, సోవియట్ యూనియన్ల మధ్య వైరం సాగుతున్న కాలంలో, 1956లో, సోవియట్ గడ్డ మీద వాయించిన మొదటి అమెరికన్ ఆర్కెస్ట్రా ఇదే. చైనాతో అమెరికా దౌత్య సంబంధాలు కుదిరిన వెంటనే 1979లో ఒజావా దీన్ని బీజింగ్ తీసుకువెళ్లాడు. ఆయన పుట్టింది చైనాలోని షెన్యాంగ్‌లోనే. బీజింగ్‌లో ఒక క్రీడాప్రాంగణంలో చైనా ఆర్కెస్ట్రా సభ్యులు, బోస్టన్ సభ్యులు కలిసి కూర్చుని బీథోవెన్ వాయించారు.

బోస్టన్ చుట్టుపక్కల ఉంటున్న తెలుగు పిల్లలు వేసవిలో టాంగిల్‌వుడ్ పచ్చికకు తప్పక వెళ్లండి. పద్దెనిమిదేళ్ల లోపువారికి అక్కడ పచ్చిక టికెట్టు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు ఉంది, ముందుగా మీ పెద్దవారిని అడిగి నిబంధనలు తెలుసుకోండి. మన దేశంలో ఉన్నవారికి ముంబయిలో 2006లో ఏర్పడిన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఉంది. ఎక్కడ వింటున్నా కాస్త ముందుగా వెళ్లి కూర్చోండి. అందరికంటే ముందు ఓబో ఒక్కటే ఒక స్వరం పట్టి నిలుపుతుంది, తక్కినవారందరూ దానితో తమ శ్రుతి సరిచూసుకుంటారు. తరువాత వయొలిన్ల వైపు చూసి, పుట తిప్పేది ఎవరో, కమాను గుర్తులు వేసిన ఆ పెద్ద ఏ కుర్చీలో కూర్చున్నారో కనిపెట్టి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య