తోలు ఎగుమతి ఆంక్షలు: నాయుడమ్మ కాలం నాటి మూలాలు

2025 ఫిబ్రవరి 1 నాటి కేంద్ర బడ్జెట్ క్రస్ట్ తోలు ఎగుమతిపై ఉన్న 20 శాతం సుంకాన్ని ఎత్తివేసింది. పదును చేసి ఆరబెట్టినా ఇంకా తుది మెరుగు పెట్టని ఈ తోలును అమ్ముకునే వీలు కలిగితే చిన్న టానరీలకు (తోళ్లు పదును చేసే కార్ఖానాలకు) మేలు జరుగుతుందన్నది ప్రభుత్వ వాదన. సగం తయారైన సరుకును దేశం దాటనివ్వకూడదన్న ఆలోచన మాత్రం అర్ధ శతాబ్దం నాటిది. దాని చరిత్రను తోళ్ల శాస్త్రవేత్త యలవర్తి నాయుడమ్మ జీవితం నుంచి విడదీసి చెప్పడం కష్టం.

గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో పుట్టిన నాయుడమ్మ బెనారస్‌లో పారిశ్రామిక రసాయనశాస్త్రం చదివారు. అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, 1958లో మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు డైరెక్టరయ్యారు. కులం పేరిట సమాజం వెలివేసిన వృత్తిని ఆ రోజుల్లో తన శాస్త్రంగా ఎంచుకోవడం చిన్న సంగతి కాదు. మద్రాసు వ్యాపారులు తంగేడు బెరడుతోనూ, తరవాతి కాలంలో వాటిల్ బెరడుతోనూ పదును చేసిన ‘ఈస్ట్ ఇండియా’ తోలును పందొమ్మిదో శతాబ్దం నుంచీ బ్రిటన్‌కు పంపుతుండేవారు. దానికి మెరుగు పెట్టి, బూట్లు కుట్టి అమ్మే లాభమంతా అక్కడి కర్మాగారాలదే.

1972లో ప్రభుత్వం వేసిన సీతారామయ్య కమిటీ ఈ తీరు మార్చాలని సూచించింది. మరుసటి ఏడాది ప్రభుత్వం పచ్చి తోళ్ల ఎగుమతిని ఆపి, సగం తయారైన తోలుకు కోటాలు పెట్టింది. ఈ నిర్ణయాన్ని నాయుడమ్మ ఒక్కరికే ఆపాదించడం అతిశయోక్తే అవుతుంది. అయితే తోలుకు ఇక్కడే తుది మెరుగు పెట్టగల సాంకేతికత, ఆ పని తెలిసిన మనుషులు లేకుండా అలాంటి నిషేధం కాగితం దాటేది కాదు. ఆ రెండింటినీ సమకూర్చడంలో ఆయన నడిపిన సంస్థ పాత్ర పెద్దది. పెద్ద పెట్టుబడి ఉన్నవారు కొత్త యంత్రాలు తెచ్చుకుని నిలదొక్కుకోగలిగారు గానీ, తోలును సగం పదును చేసి అమ్ముకోవడమే బతుకుతెరువైన చిన్న టానరీలకు ఆ దారి అంత సులువు కాలేదు.

1971 నుంచి 1977 వరకు దేశంలోని శాస్త్ర పరిశోధనశాలలను నడిపే ప్రభుత్వ సంస్థ సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్నప్పుడు ఆయన ఈ చిన్నవారి వైపు నుంచీ ఆలోచించారనడానికి కరీంనగర్ పథకమే సాక్ష్యం. ఒక వెనుకబడిన జిల్లాను తీసుకుని, అక్కడ దొరికే వనరులకూ అక్కడివారికి వచ్చిన పనులకూ తగిన సాంకేతికతను ప్రయోగశాలల నుంచి నేరుగా అందించడం దాని ఉద్దేశం. ఎగుమతి విధానం గురించి జరిగినంత చర్చ ఈ పథకం గురించి జరగలేదు. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా ‘కనిష్క’ విమానంలో జరిగిన బాంబు పేలుడులో మరణించేనాటికి ఆయన సలహాల కోసం విదేశాలూ ఎదురుచూస్తుండేవి. నా దృష్టిలో మాత్రం ఆయన విధాన చింతనను అంచనా వేయవలసింది కరీంనగర్ నుంచే.